సమీకరణం సాధిస్తుంటే మూలాలు ఎక్కడ జారిపోతున్నాయి, ఎక్కడినుంచి వచ్చి చేరుతున్నాయి?

అభ్యాసి:

సభ్యులందరికీ నమస్కారం. బీజగణిత సమీకరణాలను, త్రికోణమితీయ సమీకరణాలను మొదటినుంచి మళ్లీ చదువుతున్నాను. సమానత్వానికి రెండువైపులా ఒకే పని చేస్తే సమానత్వం చెడదని మొదటి పాఠంలోనే చెబుతారు. ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించినా కొన్ని లెక్కల్లో జవాబు కుదరడం లేదు. తెలియని రాశిని య అని, కోణాన్ని క అని, ఏదైనా పూర్ణసంఖ్యను ప అని రాస్తున్నాను. కోణాలన్నీ డిగ్రీల్లోనే ఉన్నాయి.

మొదటిది √(య + 7) = య − 5. రెండువైపులా వర్గం చేస్తే య + 7 = య² − 10య + 25 వస్తుంది, అంటే య² − 11య + 18 = 0. కారణాంకాలు (య − 9)(య − 2) కనుక 9, 2 అనే రెండు మూలాలు వచ్చాయి. పుస్తకం 9 ఒక్కటే జవాబు అంటోంది.

రెండవది సైన్ 2క = సైన్ క; 0° నుంచి 360° లోపు సాధనలు కావాలి. ఎడమవైపు 2 సైన్ క కాస్ క అని రాసి, రెండువైపులా సైన్ క తో భాగిస్తే కాస్ క = 1/2. కనుక 60°, 300°. పుస్తకంలో నాలుగు జవాబులున్నాయి.

మూడవది సైన్ క + కాస్ క = 1, అదే అవధిలో. వర్గం చేస్తే 1 + 2 సైన్ క కాస్ క = 1, అంటే సైన్ 2క = 0. ఇక్కడ నాకు 0°, 90°, 180°, 270° వచ్చాయి, పుస్తకంలో రెండే ఉన్నాయి.

ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. చివర్లో ప్రతిక్షేపించి సరిచూసుకోమని అందరూ చెబుతారు. అది ఎక్కువైనవాటిని ఏరివేస్తుంది సరే, పోయినవాటిని ఎలా తెచ్చిపెడుతుంది?

లవహారం:

అభ్యాసి గారూ, ‘రెండువైపులా ఒకే పని’ అన్న నియమం చెప్పేది సగమే. పై వరుస నిజమైతే కింది వరుస కూడా నిజమవుతుందని అది హామీ ఇస్తుంది. కింది వరుస నిజమైతే పైది కూడా నిజమని మాత్రం ఎక్కడా చెప్పదు. మనం లెక్క చేసేది పైనుంచి కిందికి, జవాబు రాసేది మాత్రం అట్టడుగు వరుసను చూసి. కాబట్టి ప్రతి మెట్టు దగ్గరా తిరిగి పైకి ఎక్కే వీలుందా అని అడగవలసిందే. రెండువైపులా 5 కలిపితే, మళ్లీ 5 తీసివేసి వెనక్కి రావచ్చు. సున్నా కాని సంఖ్యతో గుణించినా అంతే. వర్గం చేస్తే అలా రాలేము, ఎందుకంటే 3 వర్గమూ 9, −3 వర్గమూ 9.

మీ మొదటి లెక్కలో య = 2 పెట్టి, కిందినుంచి ఒక్కొక్క వరుసా చదవండి. చివరి వరుసలో 4 − 22 + 18 = 0, సరిపోయింది. దాని పై వరుసలో 9 = 9, అదీ సరిపోయింది. అంతకు పైన 3 = −3. చెడింది సరిగ్గా వర్గం చేసిన చోటే. 2 అన్నది −√(య + 7) = య − 5 అనే వేరొక సమీకరణానికి మూలం; వర్గం చేసిన క్షణంలో ఆ సమీకరణమూ మీ సమీకరణమూ కలిసిపోయాయి. అసలు లెక్క మొదలుపెట్టకముందే, ఎడమవైపు వర్గమూలం కనుక కుడివైపు ఋణం కాకూడదని, అంటే య కనీసం 5 ఉండాలని రాసిపెట్టుకుంటే 2 తనంతట తానే తప్పుకునేది.

రెండవ లెక్కలో జరిగింది దీనికి తలకిందులు. సైన్ క సున్నా కావచ్చు. సున్నాతో భాగించడం కుదరదు కనుక, భాగించినప్పుడే మీరు ‘సైన్ క సున్నా కాదు’ అని మాట్లాడకుండా ఒప్పేసుకున్నారు; సైన్ క = 0 అయ్యే 0°, 180° అక్కడే రాలిపోయాయి. మీ అనుమానం సరైనదే: ప్రతిక్షేపణ వీటిని తీసుకురాలేదు. మన చేతికి వచ్చినవాటినే అది పరీక్షిస్తుంది.

మూడోపాదం:

మొదటి లెక్క విషయంలో నాకు అభ్యంతరం ఉంది. 9 కి వర్గమూలాలు 3, −3 రెండూ కదా. మరి √9 = −3 అని తీసుకుంటే య = 2 కూడా సరిపోతుంది. పుస్తకం ఒకదాన్ని కావాలని వదిలేసినట్టుంది.

పూర్ణవర్గం:

మూడోపాదం గారూ, 9 కి రెండు వర్గమూలాలు ఉన్నాయన్న మాట నిజమే. √ గుర్తు మాత్రం ఆ రెండింటిలో ఋణం కానిదాన్ని మాత్రమే సూచిస్తుందన్నది అందరూ పాటించే ఒప్పందం. ఒప్పందమే కదా అని తీసివేయడానికి వీల్లేదు. వర్గ సమీకరణ సూత్రంలో వర్గమూలం ముందు ± గుర్తు ఎందుకు రాస్తున్నామో చూడండి: √ గుర్తే రెండు విలువలనూ ఇచ్చేటట్లయితే ఆ ± అవసరమే ఉండదు. య² = 9 అన్నప్పుడు య = ±√9 అని రాస్తాము; ఆ రెండు విలువలు సమీకరణం నుంచి వచ్చాయి, గుర్తు నుంచి కాదు. పైగా ఒకే గుర్తుకు ఒకసారి 3, ఒకసారి −3 విలువలు ఇస్తూ పోతే √4 + √9 అన్న చిన్న కూడికకు నాలుగు జవాబులు వస్తాయి.

ఇక్కడినుంచే వచ్చే ఇంకొక విషయం ఉంది. √(య²) విలువ య కాదు, య యొక్క పరమమూల్యం, అంటే ఋణ గుర్తు తీసేసిన విలువ. సైన్² క = 1/4 అన్న సమీకరణాన్ని సైన్ క = 1/2 అని మాత్రమే రాసి ముగించేవారు 210°, 330° లను పోగొట్టుకుంటున్నది ఈ కారణంగానే.

కర్ణరేఖ:

మూడవ లెక్కకు బొమ్మ గీస్తే విషయం కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. మూలబిందువు కేంద్రంగా, 1 వ్యాసార్ధంగా వృత్తం గీయండి. దానిపై క కోణం దగ్గర ఉన్న బిందువుకు అడ్డం కొలత కాస్ క, నిలువు కొలత సైన్ క. రెండు కొలతల మొత్తం 1 అనడమంటే, ఆ బిందువు (1, 0), (0, 1) ల గుండా పోయే సరళరేఖ మీద ఉండాలని. ఆ రేఖ వృత్తాన్ని సరిగ్గా ఆ రెండు చోట్లే ఖండిస్తుంది. అవే 0°, 90°. మీరు వర్గం చేసినప్పుడు, మొత్తం −1 అనే సమాంతర రేఖ కూడా లెక్కలోకి వచ్చింది. అది వృత్తాన్ని ఖండించే బిందువులే 180°, 270°. ఆ రెండు కోణాలనూ ప్రతిక్షేపించండి, రెండుచోట్లా −1 వస్తుంది.

వర్గం చేయకుండా కూడా ఈ లెక్క అవుతుంది. సైన్ క + కాస్ క ను √2 సైన్ (క + 45°) అని రాయవచ్చు. అప్పుడు సైన్ (క + 45°) = 1/√2, కనుక క + 45° విలువ 45° లేదా 135°; క = 0°, 90°. మధ్యలో తిరిగి ఎక్కలేని మెట్టు లేదు కాబట్టి సరిచూడవలసిన అవసరమే రాలేదు.

ఇదే పద్ధతి అసలు సాధన ఉందా లేదా అన్నది కూడా ముందుగానే చెబుతుంది. 3 సైన్ క + 4 కాస్ క అన్నది 5 సైన్ (క + α) రూపంలోకి వస్తుంది, ఎందుకంటే 3² + 4² = 5². ఇక్కడ α సుమారు 53.13°. ఆ మొత్తం 5 ను దాటలేదు. కనుక 3 సైన్ క + 4 కాస్ క = 6 కు వాస్తవ సాధన లేదు; కుడివైపు 5 ఉంటే ఒక చుట్టుకు ఒకే సాధన, సుమారు 36.87°; 5, −5 ల మధ్య ఏ సంఖ్య ఉన్నా రెండు సాధనలు.

శేషం:

నా మటుకు నాకు నియమం ఒక్కటే: తెలియని రాశి ఉన్న దేనితోనూ భాగించకూడదు. అన్నింటినీ ఒకవైపుకు తెచ్చి, కుడివైపు సున్నా ఉంచి, కారణాంకాలుగా విడగొట్టాలి. రెండవ లెక్క సైన్ క (2 కాస్ క − 1) = 0 అవుతుంది. లబ్ధం సున్నా అయితే కారణాంకాలలో కనీసం ఒకటి సున్నా కావాలి. సైన్ క = 0 వల్ల 0°, 180°; కాస్ క = 1/2 వల్ల 60°, 300°. నాలుగూ దొరికాయి.

లవహారం:

శేషం గారి నియమం మొదట నేర్చుకునేవారికి మంచిదే గానీ, దాన్ని అక్షరాలా పట్టుకుంటే సులువైన లెక్కలు కూడా బరువెక్కుతాయి. సైన్ క = √3 కాస్ క అన్న సమీకరణాన్ని కాస్ క తో భాగించి టాన్ క = √3, క = 60° + 180°ప అని ఒక్క వరుసలో తేల్చవచ్చు. ఇక్కడ భాగించడం ఎందుకు చెల్లుతుందంటే, కాస్ క = 0 అయిన చోట సైన్ క విలువ 1 గానీ −1 గానీ అవుతుంది, అప్పుడు సమీకరణం ఎలాగూ నిలవదు; కనుక కాస్ క = 0 అయ్యే కోణాలలో సాధన ఏదీ లేదు. ఆ ఒక్క వాక్యం రాసి భాగిస్తే తప్పేమీ లేదు. భాజకం సున్నా అయిన సందర్భాన్ని విడిగా చూడాలి, అంతే.

చరరాశి లేని చోట కూడా ఈ జాగ్రత్త తప్పదు. (త − 2)య = త² − 4 అని ఇచ్చి, త ఒక స్థిరరాశి అంటే చాలామంది తడుముకోకుండా య = త + 2 అని రాసేస్తారు. త = 2 అయితే సమీకరణం 0 = 0 గా మారుతుంది, అప్పుడు య ఏ సంఖ్య అయినా సరిపోతుంది.

హారంలో చరరాశి ఉన్నప్పుడు ప్రమాదం ఎదురుదిశ నుంచి వస్తుంది. (య² − 9)/(య − 3) = 6 అన్నదాన్ని హారంతో గుణిస్తే య² − 6య + 9 = 0, య = 3 వస్తుంది. ఆ విలువకు అసలు సమీకరణంలోని హారమే సున్నా. దీనికి సాధన లేదు.

అభ్యాసి:

ఇప్పుడు స్పష్టమైంది, అందరికీ ధన్యవాదాలు. ఇంకొక ఇబ్బంది జవాబు రూపం గురించి. కాస్ 2క = సైన్ క అన్న సమీకరణాన్ని రెండు విధాలుగా చేశాను. కాస్ 2క = 1 − 2 సైన్² క అని రాసి, సైన్ క ను స అనుకుంటే 2స² + స − 1 = 0, (2స − 1)(స + 1) = 0; స = 1/2 లేదా −1. ఒక చుట్టులో 30°, 150°, 270°. మరొక విధంగా, సైన్ క = కాస్ (90° − క) అని రాసి కోణాలను పోలిస్తే 2క = 360°ప ± (90° − క). దీనివల్ల క = 120°ప + 30°, క = 360°ప − 90° అని రెండు వరుసలు వచ్చాయి. పుస్తకం చివర మొదటి వరుస ఒక్కటే ఉంది. ఏది సరైనది?

కర్ణరేఖ:

మూడూ సరైనవే. 120°ప + 30° లో ప కు 0, 1, 2 ఇవ్వండి: 30°, 150°, 270° వస్తాయి. 270° అన్నా −90° అన్నా వృత్తం మీద ఒకే బిందువు కనుక, 360°ప − 90° అనే రెండవ వరుస మొత్తం మొదటి వరుసలోనే ఇమిడి ఉంది. దాన్ని విడిగా రాసినా తప్పు కాదు, రాయకపోయినా లోటు లేదు.

సాధారణ సాధనల రూపాలు వేరుగా కనిపించినప్పుడు సూత్రాలను పోల్చి ప్రయోజనం లేదు, ఒక చుట్టులో పడే కోణాలను వరుసగా రాసి జాబితాలను పోల్చాలి. సైన్ క = 1/2 కు ఒకరు 360°ప + 30°, 360°ప + 150° అని రెండు వరుసలుగా రాస్తారు; ఇంకొకరు 180°ప కు (−1) యొక్క ప-వ ఘాతంతో గుణించిన 30° ను కలిపి ఒకే వరుసగా రాస్తారు. ప సరిసంఖ్య అయితే +30°, బేసిసంఖ్య అయితే −30° కనుక 30°, 150°, 390°, 510° అంటూ అవే కోణాలు వస్తాయి. ఆ ఒంటి వరుస రూపం చూడడానికి పొందికగా ఉంటుంది గానీ, దాన్ని బట్టీపట్టిన విద్యార్థులు కాస్ కూ అదే రాస్తుంటారు. కాస్ విలువలు అడ్డం అక్షానికి పైనా కిందా సమానం, అందుకే అక్కడ 360°ప ± అన్న రూపం; సైన్ విలువలు నిలువు అక్షానికి ఇరువైపులా సమానం, అందుకే 180° నుంచి తీసివేయడం; టాన్ ప్రతి 180° కీ తిరిగి వస్తుంది. ఈ మూడూ బొమ్మలో చూసుకుంటే సూత్రాలను మనసులో మోయనక్కరలేదు.

మూడోపాదం:

ఇన్ని రకాల జాగ్రత్తలు పడేకంటే, అన్నింటినీ ఒకే అచ్చులో పోయవచ్చు కదా. టాన్ (క/2) = త అనుకుంటే సైన్ క = 2త/(1 + త²), కాస్ క = (1 − త²)/(1 + త²). సైన్, కాస్ లు ఉన్న ఏ సమీకరణమైనా త లో బీజగణిత సమీకరణం అయిపోతుంది. 1 + త² ఎప్పుడూ సున్నా కాదు కనుక దానితో గుణించినా ప్రమాదం లేదు. త్రికోణమితిని మొత్తంగా బీజగణితానికి అప్పగించేయవచ్చు.

శేషం:

మంచి పద్ధతే, కానీ ప్రమాదం లేదనడం సరికాదు. సైన్ క − కాస్ క = 1 ను ఆ పద్ధతిలోనే చేసి చూద్దాం. 2త − (1 − త²) = 1 + త². రెండువైపులా ఉన్న త² పోయి 2త = 2, త = 1 మిగులుతుంది. క/2 = 45°, కనుక క = 90°, దానికి 360° గుణిజాలు. ఇప్పుడు అసలు సమీకరణంలో క = 180° పెట్టండి: 0 − (−1) = 1. ఇదీ సాధనే, మీ జాబితాలో లేదు.

క = 180° అయితే క/2 = 90°, అక్కడ టాన్ నిర్వచితం కాదు. త అని పేరు పెట్టినప్పుడే ఆ కోణాన్ని బయట వదిలేశాము. తరువాతి మెట్లన్నీ నిర్దోషంగా ఉన్నాయి కాబట్టి, లెక్కను ఎన్నిసార్లు తిరగేసినా తప్పు పట్టుబడదు. అయితే ఇలాంటి చోట ఒక ఆనవాలు కనిపిస్తుంది: వర్గ సమీకరణం రావలసిన చోట త² కొట్టుకుపోయి ఏకఘాత సమీకరణం మిగిలింది. మొదటి ఘాతంలో ఉన్న సైన్, కాస్ ల సమీకరణంలో ఘాతం అలా తగ్గిపోయిందంటే, జారిపోయిన మూలం 180° అన్నమాట.

మూడోపాదం:

180° ను ముందుగా విడిగా పరీక్షించి, ఆ తరువాత త వాడితే పద్ధతి నిలుస్తుంది కదా. ఆ ఒక్క షరతుతో నా మాట మీదే ఉన్నాను.

పూర్ణవర్గం:

ఆ షరతుతో నిలుస్తుంది.

బీజగణితం వైపు ఒక మాట చేరుస్తాను. వర్గ సమీకరణాన్ని వర్గం పూర్తి చేసి సాధించేటప్పుడు భిన్నాల వల్ల తడబడేవారికి ప్రాచీన భారత గణితవేత్త శ్రీధరాచార్యుడి పద్ధతి చాలా హాయిగా ఉంటుంది. వర్గపదం గుణకానికి నాలుగు రెట్లతో రెండువైపులా గుణించి, మధ్యపదం గుణకం వర్గాన్ని రెండువైపులా కలపాలి. 3య² + 7య = 20 తీసుకోండి. 12 తో గుణిస్తే 36య² + 84య = 240. 49 కలిపితే ఎడమవైపు (6య + 7)², కుడివైపు 289. కనుక 6య + 7 = ±17; య = 5/3 లేదా −4. చివరి భాగహారం వరకు భిన్నమే రాలేదు. ఇందులో ఉన్న మెట్లన్నీ తిరిగి ఎక్కగలిగినవే: 12 సున్నా కాదు, వర్గమూలం తీసేటప్పుడు ± రెండింటినీ ఉంచాము. మనం వాడే వర్గ సమీకరణ సూత్రం ఇదే పనిని అక్షరాలతో ఒకసారి చేసి పెట్టుకున్నది.

మూలాన్ని తిరస్కరించడంలో ఇంకొక రకం కూడా ఉంది, దాన్ని పైవాటితో కలపకూడదు. 12వ శతాబ్దంలో గణితవేత్త భాస్కరాచార్యుడు తన ‘బీజగణితం’ అనే గ్రంథంలో ఇచ్చిన కోతుల లెక్క చాలామందికి తెలిసే ఉంటుంది. మందలో అయిదోవంతు నుంచి మూడు తీసివేసి, వచ్చినదాన్ని వర్గం చేస్తే అన్ని కోతులు గుహలోకి వెళ్లాయి, ఒకటి మాత్రం కొమ్మెక్కి కనిపిస్తోంది. మందలో ఎన్ని ఉన్నాయి? (య/5 − 3)² + 1 = య. దీని మూలాలు 50, 5. రెండూ సమీకరణానికి సరిపోతాయి: 7² + 1 = 50, (−2)² + 1 = 5. అయినా భాస్కరుడు 5 ను ఒప్పుకోలేదు, ఎందుకంటే ఒక కోతి నుంచి మూడు కోతులను తీసివేయడం కుదరదు. ఇక్కడ సాధనలో ఏ మెట్టూ తప్పు చేయలేదు. సమీకరణం కథలోని షరతును పూర్తిగా మోయలేకపోయింది. అభ్యాసి గారి మొదటి లెక్కలోని 2 అలాంటిది కాదు, అది అసలు సమీకరణానికే సరిపోదు.

అభ్యాసి:

ఈ తేడా నాకు ఇంతకుముందు ఎక్కడా కనిపించలేదు. మరి రెండు చిన్న సందేహాలు. టాన్ 3క = టాన్ క అంటే 3క = క + 180°ప, కనుక క = 90°ప అని రాశాను; పుస్తకంలో 180°ప అని ఉంది. రెండవది, సైన్ 2క = 1/2 కు 0° నుంచి 360° లోపు నాకు 15°, 75° మాత్రమే వచ్చాయి, పుస్తకం నాలుగు చెబుతోంది.

లవహారం:

మొదటిదానిలో, ప బేసిసంఖ్య అయితే క విలువ 90°, 270° వంటిది అవుతుంది. అక్కడ టాన్ క కూ, టాన్ 3క కూ విలువే లేదు. లేని రెండు విలువలు సమానమని అనలేము. టాన్ ఉన్న సమీకరణం కనిపించగానే దాని కోణం 90° కు బేసి గుణిజం కాకూడదని పక్కన రాసిపెట్టుకోవాలి, వర్గమూలం కనిపించినప్పుడు రాసుకున్నట్టే.

రెండవదానిలో, అవధి క కు ఇచ్చారు, మీరు సాధించింది 2క కోసం. క 360° లోపు తిరిగితే 2క 720° లోపు, అంటే రెండు చుట్లు తిరుగుతుంది. కాబట్టి 2క = 30°, 150°, 390°, 510°; సగం చేస్తే 15°, 75°, 195°, 255°. కోణాన్ని సగం చేయడానికి ముందే అవధిని రెట్టింపు చేసి రాసుకుంటే ఈ పొరపాటుకు చోటుండదు.

కర్ణరేఖ:

ఇక్కడిదాకా వచ్చాము కనుక, రెండు దారులూ ఒకదానికొకటి తోడయ్యే లెక్క ఒకటి ఇస్తాను: సైన్ 3క = కాస్ 2క.

కోణాల దారిలో, కుడివైపును సైన్ (90° − 2క) అని రాద్దాం. 3క = 90° − 2క + 360°ప అయితే క = 18° + 72°ప. లేదా 3క = 180° − (90° − 2క) + 360°ప అయితే క = 90° + 360°ప; ఇది 18° + 72° = 90° కనుక మొదటి వరుసలోనే ఉంది. ఒక చుట్టులో అయిదు కోణాలు: 18°, 90°, 162°, 234°, 306°. వృత్తం మీద గుర్తులు పెడితే క్రమ పంచభుజి శీర్షాలు వస్తాయి.

బీజగణితం దారిలో, సైన్ క = స అనుకుంటే 3స − 4స³ = 1 − 2స², అంటే 4స³ − 2స² − 3స + 1 = 0. ఘన సమీకరణం చూసి బెదరనక్కరలేదు, 90° సాధన అని ముందే తెలుసు కనుక స = 1 ఒక మూలం కావలసిందే; 4 − 2 − 3 + 1 = 0, అవును. ఆ కారణాంకాన్ని విడదీస్తే (స − 1)(4స² + 2స − 1) = 0. మిగిలిన వర్గ సమీకరణానికి మూలాలు (−1 ± √5)/4. వీటిలో ధనాత్మకమైనది 18° కు చెందినది, కనుక సైన్ 18° = (√5 − 1)/4, సుమారు 0.309. ఋణాత్మకమైనది సుమారు −0.809, అది సైన్ 234°.

మూడు మూలాలు, అయిదు కోణాలు ఎలా అయ్యాయన్న ప్రశ్న వస్తుంది. 18°, 162° లకు సైన్ ఒకటే, 234°, 306° లకూ ఒకటే, 90° ఒంటరి. స విలువ దొరికినంత మాత్రాన సాధన పూర్తి కాలేదని, ప్రతి విలువకూ వృత్తం మీద ఎన్ని బిందువులున్నాయో చూడాలని ఇది గుర్తుచేస్తుంది.

శేషం:

సైన్ 18° విలువను చాలామంది కంఠస్థం చేస్తారు గానీ, అది ఎక్కడినుంచి పుట్టిందో ఇంత తక్కువ వరుసల్లో చూడరు. ఘన సమీకరణంలో మొదటి మూలాన్ని ఊహించి పట్టుకోవలసిన పని కూడా లేకుండా పోయింది.

లవహారం:

అభ్యాసి గారికి ఒక లెక్క ఇస్తున్నాను. ఇందులో మూలం పోయే చోటూ ఉంది, అదనంగా చేరే చోటూ ఉంది. సైన్ క = √3(1 − కాస్ క), 0° నుంచి 360° లోపు. వర్గం చేసే దారిలోనే చేసి, ఏ మెట్టు దగ్గర ఏమి జరిగిందో రాయండి.

అభ్యాసి:

ప్రయత్నిస్తాను. వర్గం చేస్తే సైన్² క = 3(1 − కాస్ క)². ఈ మెట్టు తిరిగి ఎక్కలేనిది కనుక చివర్లో సరిచూడాలి. సైన్² క ను 1 − కాస్² క అని రాస్తే (1 − కాస్ క)(1 + కాస్ క) = 3(1 − కాస్ క)². రెండువైపులా 1 − కాస్ క ఉంది; కొట్టివేస్తే కాస్ క = 1 పోతుంది. అందుకని భాగించకుండా ఒకవైపుకు తెచ్చాను: (1 − కాస్ క)(1 + కాస్ క − 3 + 3 కాస్ క) = 0, అంటే (1 − కాస్ క)(4 కాస్ క − 2) = 0. కాస్ క = 1 వల్ల 0°; కాస్ క = 1/2 వల్ల 60°, 300°.

సరిచూస్తే, 0° దగ్గర 0 = 0. 60° దగ్గర రెండువైపులా √3/2. 300° దగ్గర ఎడమవైపు −√3/2, కుడివైపు √3/2, కనుక అది చెల్లదు. ముందే గమనించి ఉంటే, 1 − కాస్ క ఎప్పుడూ ఋణం కాదు కాబట్టి సైన్ క కూడా ఋణం కాకూడదని, మూడవ, నాలుగవ పాదాలను మొదట్లోనే కొట్టివేయవచ్చు. సాధనలు 0°, 60°.

లవహారం:

సరిగ్గా ఉంది. ఇదే లెక్కను సగం కోణాలతో కూడా చేయండి: 2 సైన్ (క/2) కాస్ (క/2) = 2√3 సైన్² (క/2). సైన్ (క/2) = 0 ను విడిగా ఉంచితే 0°; మిగిలినదాంట్లో టాన్ (క/2) = 1/√3, కనుక క/2 = 30°, క = 60°. వర్గం చేయలేదు కాబట్టి 300° లెక్కలోకే రాలేదు.